రామేశ్వరం దీవిలో ఒక్క రోజు: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాశీ వెళ్ళొచ్చి గంగ చెంబుతో బయల్దేరేవాళ్ళు, శబరిమల నుంచి తిరుగుదారిలో దిగేవాళ్ళు, పెద్దల కార్యం కోసం వెళ్ళేవాళ్ళు, ఊరికే పిల్లలకు చూపిద్దామని వెళ్ళేవాళ్ళు. మన వైపు నుంచి రామేశ్వరం వెళ్ళే కుటుంబాలు ఎక్కువగా ఈ నాలుగు రకాలే. ఎవరు అడిగినా ప్రశ్నలు మాత్రం దాదాపు ఇవే.

ఒక్క రోజులో దీవి అంతా చూడగలమా?

చూడగలరు. కాకపోతే ముందు రోజు సాయంత్రానికే దీవిలో దిగి, గుడికి నడిచి వెళ్ళేంత దగ్గరలో గది తీసుకుని ఉండాలి. పొద్దున రైలు దిగి రాత్రి రైలెక్కేద్దామనుకుంటే తీర్థస్నానమో (గుడిలోని 22 బావుల నీళ్ళతో స్నానం), ధనుష్కోటో (దీవి చివర, తుపానుకు కొట్టుకుపోయిన ఊరు), ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

దీవి పెద్దదేం కాదు. పాంబన్ వంతెన దిగిన దగ్గర్నుంచి చివరనున్న అరిచల్‌మునై దాకా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఇబ్బంది దూరంతో రాదు, వేళలతో వస్తుంది. తెల్లవారి 5 గంటలకు స్ఫటికలింగ దర్శనం మొదలై గంటలో ముగుస్తుంది. మధ్యాహ్నం 1 గంటకు పెద్దగుడి, అంటే రామనాథస్వామి గుడి, మూసి మళ్ళీ 3కి తెరుస్తారు. సాయంత్రం 5 దాటితే ధనుష్కోటి రోడ్డు మీద చెక్‌పోస్టులో బండ్లను ఆపేస్తారు. ఈ మూడు వేళలు పట్టుకుంటే మిగతావన్నీ వాటి మధ్య సర్దుకుంటాయి.

మన జిల్లాల నుంచి ఎలా వెళ్ళాలి?

భువనేశ్వర్–రామేశ్వరం వారపు ఎక్స్‌ప్రెస్ మన లైను మీదుగానే వెళ్తుంది. శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస) దగ్గరా, విజయనగరం దగ్గరా? మీ ఇంటికి ఏది వీలో చూసుకుని, ఆ రైలు అక్కడ ఆగుతుందో లేదో టికెట్ తీసేటప్పుడే చూడండి. వారానికి ఒక్కటే కాబట్టి బెర్తులు తొందరగా అయిపోతాయి. రానూపోనూ రెండూ ఈ రైలుకే బుక్ చేయాలని కూర్చుంటే తిరుగు ప్రయాణం దగ్గర చిక్కు వస్తుంది. వెళ్ళేటప్పుడు ఈ రైలు, వచ్చేటప్పుడు చెన్నై మీదుగా అనుకుంటే తేలిక.

చెన్నై మీదుగా అయితే హౌరా లైను రైళ్ళు చాలావరకు సెంట్రల్‌లో దింపుతాయి. రామేశ్వరం రైళ్ళు ఎగ్మూరు నుంచో తాంబరం నుంచో బయల్దేరతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చదవకుండా ఎగ్మూరు వెళ్ళి నిలబడేవాళ్ళు తక్కువేం లేరు. తాంబరం ఊరి దక్షిణం కొస. సెంట్రల్ నుంచి అక్కడికి పెద్దవాళ్ళతో, సామానుతో వెళ్ళాలంటే మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

మూడో దారి మదురై. అక్కడ మీనాక్షి అమ్మవారిని చూసుకుని కారులో వస్తే 170 కిలోమీటర్లు, సుమారు మూడున్నర గంటలు. సొంత బండిలో మన ఊరి నుంచే బయల్దేరేవాళ్ళకు ఒక్కవైపు 1,400 కిలోమీటర్ల పైమాటే. ఒక్క డ్రైవరుతో ఆ సాహసం వద్దు.

కొత్త పాంబన్ వంతెన మీద రైలు నడుస్తోందా?

నడుస్తోంది. 1914 నాటి పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. కొత్తది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున ప్రారంభమైంది. పడవలు వెళ్ళడానికి మధ్యలో 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుంది. మీరు రైల్లో ఉండగా అది లేవదు గానీ, పడవ దాటే వేళకు ఒడ్డున ఉంటే పిల్లలు కదలరు. గాలి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు రైలును ఇవతలే ఆపుతారు. తుపాను రోజుల్లో ఆ ఆలస్యం లెక్కలో ఉండాలి. కారులో వెళ్ళేవాళ్ళు రోడ్డు వంతెన మీద ఫొటోల కోసం ఆపకండి. సన్నని వంతెన, వెనక బస్సులుంటాయి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

సంక్రాంతి వెళ్ళాక, జనవరి చివరి నుంచి మార్చి దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తమిళనాడువాళ్ళకు ఈశాన్య రుతుపవనాల వాన. మనకు తుపాను భయం ఉండే రోజులే వాళ్ళకూ. ఏప్రిల్, మే నెలల్లో పదింటికే రాళ్ళు కాలుతాయి, చెప్పుల్లేని కాళ్ళతో గుడి చుట్టూ తిరగడం పిల్లల వల్ల కాదు.

నెలకన్నా తిథి ముఖ్యం. ఆషాఢ అమావాస్య, మహాలయ అమావాస్య, పుష్య అమావాస్య రోజుల్లో తమిళనాడు నలుమూలల నుంచీ జనం తర్పణాలకు వస్తారు. మీకు ఆ రోజు కార్యమే ఉంటే తప్పదు. చూడ్డానికే అయితే ఆ తేదీలకు రెండు రోజులు ఇటో అటో జరుపుకోండి. నవంబరు నుంచి జనవరి సగం దాకా అయ్యప్ప మాలల రద్దీ ఉంటుంది. శని, ఆదివారాల కన్నా మంగళ, బుధవారాలు నయం.

స్ఫటికలింగ దర్శనానికి ఎప్పుడు లేవాలి?

మూడున్నరకు లేచి, స్నానం చేసి, పొడి బట్టలతో నాలుగున్నరకల్లా లైనులో ఉండాలి. దీనికి వేరే టికెట్ ఉంటుంది. స్ఫటికలింగానికి పాలతో అభిషేకం జరుగుతుంటే చూడటమే ఈ దర్శనం. ఆరు దాటితే ఆ రోజుకి అయిపోయినట్టే.

సముద్రస్నానం చేసి ఆ తడి బట్టలతో దీనికి వెళ్దామనుకోకండి, లోపలికి పంపరు. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: గదిలో స్నానం, స్ఫటికలింగం, తర్వాత అగ్నితీర్థం, 22 తీర్థాలు, బట్టలు మార్చుకుని రామనాథస్వామి దర్శనం. రెండుసార్లు బట్టలు మార్చడం విసుగే. కానీ స్ఫటికలింగం వదిలేసిన వాళ్ళు తిరిగి వచ్చాక ఇంట్లో మాట పడతారు.

22 తీర్థాల స్నానం అసలు ఎలా జరుగుతుంది?

ముందు అగ్నితీర్థం. అది బావి కాదు, తూర్పు గోపురానికి ఎదురుగా వంద మీటర్లలో ఉన్న సముద్రమే. కళింగపట్నంలోనో చింతపల్లిలోనో చూసే కెరటాలు ఇక్కడుండవు. నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. నడుము లోతుకు వెళ్ళి మూడు మునకలు వేస్తే చాలు. అడుగున రాళ్ళు, విడిచిన బట్టల పీలికలు కాళ్ళకు తగులుతాయి కాబట్టి పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి. బట్టలు సముద్రంలో వదిలెయ్యమని ఎవరైనా చెప్పినా వినకండి. ఆ పీలికలు అలా పేరుకున్నవే.

అక్కణ్ణుంచి తడి బట్టలతోనే గుడిలోకి. తీర్థాల టికెట్ మనిషికి 25 రూపాయలు, దేవస్థానం కౌంటర్లోనే తీసుకోండి. లోపల ఒక్కో బావి గట్టు మీద ఒక మనిషి నిలబడి, తాడు కట్టిన చిన్న బకెట్ దించి, తోడి, వరుసగా వచ్చేవాళ్ళ నెత్తిన గుమ్మరిస్తాడు. మీరు ఆగేది పది సెకన్లు. మహాలక్ష్మీ, సావిత్రీ, గాయత్రీ, సరస్వతీ తీర్థాలతో మొదలై నల, నీల, గవయ, గంధమాదన అంటూ వానరవీరుల పేర్ల మీదుగా, గంగ, యమున, గయ అని పక్కపక్కనే ఉన్న మూడు బావులు దాటి, ఆఖరికి కోటితీర్థం. రాముడి అమ్ములపొదిలోని 22 బాణాలకు గుర్తుగా ఇన్ని తీర్థాలని చెబుతారు. రద్దీ లేకపోతే గంటా గంటన్నర, ఉంటే రెండు మూడు గంటలు.

ఎక్కడ తేడా వస్తుందో చెప్పుకోవాలి. మొదటిది నేల. వందల మంది తడికాళ్ళతో నడిచిన రాతిపలకలు పాచి పట్టినట్టు జారతాయి. ఒక బావి నుంచి ఇంకో బావికి పిల్లలు పరిగెత్తుతారు, ఎక్కువమంది పడేది అప్పుడే. రెండోది నీళ్ళు పడే తీరు. గట్టు మీద నుంచి బకెట్ నీళ్ళు ముఖం మీద పడితే చిన్నపిల్లలు ఊపిరాడక బెదిరిపోతారు. తల వంచి, నీళ్ళు మెడ వెనక, వీపు మీద పడేలా నిలబెట్టండి. మూడేళ్ళ లోపు పిల్లలకు చేత్తో తీసుకుని తల మీద చల్లితే చాలు. మూడోది ఉంగరాలు. గంటసేపు చన్నీళ్ళలో నానితే వేళ్ళు ముడుచుకుంటాయి, ఉంగరం ఎప్పుడు జారిందో కూడా తెలీదు. ఉంగరాలు, పిల్లల పట్టీలు, కళ్ళజోళ్ళు, వినికిడి మిషన్లు గదిలోనే తీసిపెట్టండి.

శుభ్రం చేస్తూ ఏదైనా ఒక బావి మూసి ఉంటే కంగారు పడనక్కర్లేదు. మిగతావి చేసి కోటితీర్థం దగ్గర ముగించండి.

మధ్యవర్తిని పెట్టుకోవాలా? తలకి మూడు నాలుగు వందలు అడుగుతున్నారు.

అక్కర్లేదు. సముద్రం ఒడ్డునే పట్టుకుంటారు, "లైను లేకుండా తీసుకెళ్తాం, బకెట్లు ఎక్కువ పోయిస్తాం" అని. రద్దీ లేని రోజు 25 రూపాయల టికెట్‌తో వెళ్ళినా అవే బావులు, అవే నీళ్ళు. అమావాస్య రోజుల్లో కూడా వీళ్ళు చెప్పినంత వేగంగా ఎవరూ బయటపడరు. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే ఎవరి సాయమైనా తీసుకోండి గానీ, ఎంతమందికి, మొత్తం ఎంత, మధ్యలో బావుల దగ్గర వేరే ఇవ్వాలా అన్నది మొదటే తేల్చుకోండి. తోడిపోసే మనిషికి సంతోషంగా పదో ఇరవయ్యో ఇస్తే అది మీ ఇష్టం.

ఆడవాళ్ళు ఏ బట్టలు కట్టుకోవాలి?

ముదురు రంగు, తడిసినా ఒంటికి అంటి లోపలివి కనబడనివి. లేతరంగు నూలు చీర వద్దు. తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, నడక కష్టమవుతుంది. సింథటిక్ చీర పిన్ను పెట్టి కాస్త పొట్టిగా కడితే నయం, చుడీదారు అయితే ఇంకా తేలిక. మగవాళ్ళకు పంచె కన్నా లుంగీ మీద బెల్టు మేలు. షార్టులతో దర్శనానికి మాత్రం పంపరు.

పొడి బట్టలు, ఒక తువ్వాలు, తడివి వేసుకోవడానికి మందపాటి పాలిథిన్ కవరు మనిషికొక సంచిలో సర్దుకోండి. అందరివీ ఒకే సంచిలో పెడితే బట్టలు మార్చుకునే గదులు ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి కాబట్టి సంచి ఎటు వెళ్ళాలన్నది పెద్ద తగువవుతుంది. ఆ గదుల్లో నేలంతా తడే. చీర కుచ్చిళ్ళు అక్కడ పెట్టుకోవడం అయ్యేపని కాదు, రెండో జతగా కూడా చుడీదారే పెట్టుకోవడం తెలివైన పని. గది బాగా దగ్గరైతే అసలు అక్కడికే వెళ్ళి మార్చుకుని రండి.

ఫోన్లు ఎక్కడ పెట్టాలి?

గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. తమిళనాడు గుళ్ళన్నిటిలో సెల్‌ఫోన్లు నిషేధించమని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. బయట కౌంటర్లో ఇచ్చి టోకెను తీసుకోవచ్చు. ఎలాగూ తడుస్తారు కాబట్టి గదిలో వదిలేయడమే మంచిది.

ఫోన్లు లేకపోవడంతో వచ్చే చిక్కు వేరే ఉంది. లోపల తప్పిపోతే పిలుచుకునే దారి లేదు. బయటి ప్రాకారంలోనే 1,212 స్తంభాలు, ఏ మూల చూసినా ఒకేలా ఉంటాయి. పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ ఏ గోపురం నుంచి వచ్చారో మరిచిపోతారు. లోపలికి అడుగు పెట్టకముందే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. తూర్పు గోపురం బయట చెప్పుల స్టాండు బాగుంటుంది. పెద్దనంది దగ్గర అనుకుంటే అక్కడ ఎప్పుడూ జనమే, నిలబడనివ్వరు. పిల్లల జేబులో లాడ్జి పేరు, మీ నంబరు రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టండి. టోకెను ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలియాలి. అది మామ్మ కొంగున ముడివేసి, మామ్మని గదికి పంపేస్తే ఫోన్లు అక్కడే ఆగిపోతాయి.

లోపల రెండు లింగాలున్నాయట. ఏది ముందు?

రావణవధ వల్ల వచ్చిన బ్రహ్మహత్యాదోషం పోవడానికి రాముడు శివుణ్ణి ప్రతిష్ఠించాలనుకుని, లింగం కోసం హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడని స్థలపురాణం. ముహూర్తం దాటిపోతుండగా సీతమ్మ ఇసుకతో చేసిన లింగాన్నే ప్రతిష్ఠించారు. అది రామలింగం, రామనాథస్వామి. తర్వాత హనుమంతుడు తెచ్చినది విశ్వలింగం. ఆలస్యమైనందుకు నొచ్చుకున్న హనుమంతుడికి, నువ్వు తెచ్చినదానికే ముందు పూజ అని రాముడు మాటిచ్చాడట. ఇప్పటికీ విశ్వనాథుడికే తొలిపూజ. అమ్మవారు పర్వతవర్ధిని, ఆ సన్నిధి వేరే. హడావిడిలో చాలామంది అమ్మవారిని చూడకుండానే బయటికి వచ్చేస్తారు.

శ్రీశైలంలోలా ఇక్కడ స్పర్శదర్శనం ఉండదు. గర్భగుడిలో పూజ చేసేది శృంగేరి మఠం దీక్ష పొందిన మహారాష్ట్ర బ్రాహ్మణులు మాత్రమే. అభిషేకమైనా వాళ్ళ చేతే.

కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు ఉంది. అభిషేకం ఎలా చేయించాలి?

దేవస్థానం కౌంటర్లో గంగాభిషేకం టికెట్ తీసుకుని, చెంబు సమర్పిస్తే మీ కళ్ళెదుటే అభిషేకం చేస్తారు. ఇత్తడి, రాగి, కంచు పాత్రలోనే గంగ ఉండాలి. ఇనుము, రేకు డబ్బాలు ఒప్పుకోరు. ప్లాస్టిక్ సీసాలో తెచ్చుకుని ఉంటే ఇంటి దగ్గరే రాగి చెంబులోకి మార్చుకుని బయల్దేరండి. ఇంట్లో గంగపూజకు, సమారాధనకు ఉంచుకునే చెంబు వేరు, రామేశ్వరానికి తీసుకెళ్ళేది వేరు అని గుర్తు పెట్టుకోండి. రెండూ ఒకేలా ఉంటాయి, తీరా అక్కడికి వెళ్ళాక ఇంటి చెంబు సంచిలోంచి బయటపడితే చేసేదేం లేదు. ప్రయాణంలో చెంబు పడుకోబెడితే మూత దగ్గర నీరు కారుతుంది, నిలబెట్టే ఉంచండి.

కాశీ ఇంకా వెళ్ళనివాళ్ళు వరుస తిప్పి, ఇక్కడి సేతువు ఇసుక పిడికెడు తీసుకుని ప్రయాగలో త్రివేణిలో కలిపి, అక్కడి గంగతో మళ్ళీ రామేశ్వరం రావడం పాత సంప్రదాయం. రెండోసారి రాగలమన్న నమ్మకం ఉంటేనే ఇసుక తీసుకోండి. ఇంట్లో అటక మీద ఏళ్ళ తరబడి ఉండిపోయే ఇసుక మూటలు ఎన్నో.

పెద్దల కార్యం చెయ్యాలి. మనవాళ్ళు శ్రీకూర్మంలో పెట్టాంగా, ఇక్కడా పెట్టాలా అంటున్నారు.

శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి దగ్గర పిండప్రదానం చేసినంత మాత్రాన ఇక్కడ చేయకూడదని లేదు, చేసి తీరాలనీ లేదు. ఇంటి పురోహితుణ్ణి అడిగి, ఆయన చెప్పినట్టు నడవండి. తల్లో తండ్రో పోయి ఏడాది తిరగని ఇళ్ళలో అసలు యాత్రకు వెళ్ళొచ్చా లేదా అన్నదీ ఆయనే చెప్పాలి, అక్కడి దళారులు కాదు.

చేసేట్టయితే అగ్నితీర్థం ఒడ్డున తెలుగులో చేయించే పురోహితులు దొరుకుతారు. తర్పణమా, తిలహోమమా, పిండప్రదానమా అని ముందే చెప్పి, సంభావన, సామగ్రి కలిపి ఎంతో మాట్లాడుకోండి. నువ్వులు, దర్భలు అక్కడే ఉంటాయి. దొరకనివి పేర్లు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, తల్లివైపు తాత, ముత్తాతలు, వాళ్ళ భార్యలు, రెండువైపులా గోత్రాలు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ముత్తాత పేరు కోసం ఇసుకలో కూర్చుని ఊరికి ఫోన్లు చేసే దృశ్యం అక్కడ రోజూ ఉంటుంది. కార్యం ఉంటే స్ఫటికలింగం తర్వాత ఇది ముగించి, ఆ తర్వాతే తీర్థాలకు వెళ్ళాలి. మొత్తం మీద గంటన్నర వెనక్కి జరుగుతారు.

షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో ఇంతసేపు ఉండగలరా?

ఉండకూడదు. తెల్లవారి నాలుగు నుంచి తొమ్మిదిదాకా ఏమీ తినకుండా, చన్నీళ్ళలో తడుస్తూ తిరిగితే షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. మాత్రల వేళ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. స్ఫటికలింగం అయ్యాక రెండు ఇడ్లీలో, బిస్కెట్లో, వేడి పాలో తీసుకుని తీర్థాలకు వెళ్తే దేవుడికేం కోపం రాదు.

మోకాళ్ళ నొప్పులవాళ్ళు 22 బావులూ తిరగనక్కర్లేదు. ఎవరైనా ఒకరు కోటితీర్థం నీళ్ళు సీసాలో తెచ్చి తల మీద చల్లితే సరి. వాళ్ళను దర్శనానికి నేరుగా తీసుకెళ్ళండి.

పెద్దగుడి కాక ఇంకేం చూడాలి?

దర్శనం, టిఫిను అయ్యేసరికి తొమ్మిదిన్నర, పది. అప్పుడు ఆటో మాట్లాడుకుంటే మధ్యాహ్నం లోపు ఊరి చుట్టుపక్కలవి అవుతాయి. గంధమాదన పర్వతం మీద రామపాదం, అక్కడికి వెళ్ళే దారిలోనే సాక్షి హనుమాన్ గుడి. పర్వతమంటారు గానీ అది ఇసుకదిబ్బంత ఎత్తే, మెట్లు తక్కువ, పెద్దవాళ్ళూ ఎక్కగలరు. పైనుంచి దీవి, గోపురం, చుట్టూ సముద్రం కనిపిస్తాయి. పంచముఖ హనుమాన్ గుడిలో నీళ్ళలో తేలే రాయి చూపిస్తారు. పిల్లలు వదిలిపెట్టరు. లక్ష్మణతీర్థం, రామతీర్థం మెయిన్‌రోడ్డు మీదే. ఈ చిన్న గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి వీటిని సాయంత్రానికి వాయిదా వెయ్యకండి.

విల్లూండి తీర్థం తంగచ్చిమడం దగ్గర, ఊరికి ఏడు కిలోమీటర్లు. సముద్రంలోకి చిన్న వంతెన, దాని చివర బావి, చుట్టూ ఉప్పునీరున్నా బావిలో మంచినీళ్ళు. సీతమ్మ దాహం తీర్చడానికి రాముడు బాణం వేసిన చోటంటారు. టైము ఉంటేనే. పేయ్‌కరుంబులోని అబ్దుల్ కలాం స్మారకం గుడి కాదు గానీ, చదువుకునే పిల్లలుంటే పాంబన్ వైపు వెళ్ళేటప్పుడు ఆగండి.

దేవీపట్నం నవపాషాణం (సముద్రంలో ఉన్న నవగ్రహ శిలలు), తిరుప్పుల్లాణి దర్భశయన రాముడు కూడా ఇందులోనే కలిపేస్తామని ఆటోవాళ్ళు, టూరు వాళ్ళు చెబుతారు. అవి దీవి మీద లేవు, రామనాథపురం వైపు. మదురై నుంచి వచ్చేదారిలో చూసుకుంటే సరి. ఒకే రోజులో కుక్కితే రెండుచోట్లా తలుపులే చూసొస్తారు.

ఆటో ఎలా మాట్లాడుకోవాలి?

చోట్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, ప్రతిచోటా ఎంతసేపు ఆగాలో చెప్పి, మొత్తానికి ధర అనుకోండి. "లోకల్ సైట్‌సీయింగ్" అని ఒక్కమాటలో ఒప్పుకుంటే నాలుగు చోట్లు చూపించి శంఖుల షాపు ముందు దింపుతారు. ధనుష్కోటిది వేరే ట్రిప్పుగా మాట్లాడండి. అదీ కోదండరాముడి గుడి దగ్గర ఆపుతారా, అరిచల్‌మునై చివరిదాకా తీసుకెళ్తారా అని అడిగి మరీ. చాలామంది ఆటోవాళ్ళకు తెలుగు అర్థమవుతుంది. ఖర్చు తక్కువ కావాలంటే రామేశ్వరం బస్టాండు నుంచి ధనుష్కోటికి ప్రభుత్వ బస్సులున్నాయి.

ధనుష్కోటికి ఎన్నింటికి బయల్దేరాలి?

మధ్యాహ్నం భోంచేసి ఓ గంట నడుం వాల్చి, రెండున్నరకు. దారిలో పన్నెండు కిలోమీటర్ల దగ్గర కోదండరామస్వామి గుడి. విభీషణుడు శరణు వేడిన చోటు, ఆయనకు పట్టాభిషేకం జరిగిన చోటుగా చెబుతారు. లోపల రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడితో పాటు విభీషణుడూ ఉంటాడు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి ఊరు, స్టేషను, పాంబన్ నుంచి వచ్చిన పాసింజరు రైలు కొట్టుకుపోయాయి. ఈ గుడి మాత్రం నిలిచింది. ముందుకెళ్తే చర్చి గోడలు, స్టేషను శిథిలాలు ఇసుకలో కనబడతాయి.

చివరిదాకా తారురోడ్డు ఉంది, 2017 నుంచి. జీపులు, వ్యాన్లు మాట్లాడుకోమనే పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, పట్టించుకోకండి. అరిచల్‌మునైలో ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు మన్నారు సింధుశాఖ. ఒకవైపు నీళ్ళు నిలకడగా, ఒకవైపు కెరటాలతో ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట లోపలి ప్రవాహం లాగేస్తుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగాం, ఈత వచ్చు అనే మన కుర్రాళ్ళకు ఇది గట్టిగా చెప్పండి: అక్కడ దిగకూడదు, మోకాలి లోతు కూడా. సంకల్పస్నానం చెయ్యాలనుకునే పెద్దలు పురోహితుడు చూపించిన చోట చెంబుతో పోసుకోవాలి.

చెట్టు నీడ లేదు, గాలి ఇసుకను ముఖానికి కొడుతుంది. గొడుగు ఎగిరిపోతుంది, టోపీ, తలగుడ్డ మేలు. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి, మరుగుదొడ్డి పని ఊళ్ళోనే చూసుకోండి.

అక్కణ్ణుంచి శ్రీలంక కనిపిస్తుందా?

కళ్ళకు కనిపించదు. శ్రీలంక ఒడ్డున ఉన్న తలైమన్నారు సుమారు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం. మీ ఫోనుకు మాత్రం కనిపిస్తుంది. శ్రీలంక సిగ్నల్ పట్టుకుని రోమింగ్ మెసేజీలు వస్తాయి. చెక్‌పోస్టు దాటకముందే డేటా రోమింగ్ ఆపేసుకోండి.

తిండి సంగతి?

పొద్దున ఇడ్లీ, పొంగల్, వడ ఎక్కడైనా బాగుంటాయి. మధ్యాహ్నం తెలుగు భోజనం దొరికే హోటళ్ళు, తెలుగువాళ్ళ సత్రాలు గుడి వీధుల్లో ఉన్నాయి. సత్రంలో గది కావాలంటే ముందే మాట్లాడుకుని, అందరి ఆధార్ కార్డులూ పట్టుకెళ్ళండి. ఇబ్బంది రాత్రికి. అక్కడ చాలా హోటళ్ళలో రాత్రిళ్ళు అన్నం ఉండదు, దోసె, పరోటాలే. అన్నం లేకపోతే నిద్రపట్టని మనవాళ్ళకు మధ్యాహ్నమే పెరుగన్నం పొట్లం కట్టించి ఉంచండి. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి, అటుకులు తీసుకెళ్తే చాలు. పులిహోర మొదటి రోజు దాటితే ఆ ఉక్కకు నిలవదు. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్ నీళ్ళే.

చివరికి ఏం కొనొచ్చు, ఏం కొనకూడదు?

తాటిబెల్లం, తాటాకు బుట్టలు, గవ్వల దండలు కొనండి. పగడపు రాళ్ళు, విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్ పగడాలు, ఎండబెట్టిన సముద్రగుర్రాలు ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకండి, ఒడ్డున ఏరుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అవి నేరం. పిల్లల బ్యాగులో దొరికినా జవాబు చెప్పాల్సింది మీరే. "తేలే రాయి" అని రోడ్డు పక్కన అమ్మేవాటిలో పగడపు ముక్కలూ ఉంటాయి, దాని జోలికీ వెళ్ళకండి. శంఖం కొంటే బిల్లు అడగండి. ఊదే శంఖమో, తీర్థం పోసే శంఖమో చెప్పి, ఊదేది అయితే షాపులోనే ఒకసారి ఊది చూసుకోండి. చివర సరిగ్గా కొయ్యని శంఖం ఇంటికొచ్చాక ఎంత ఊదినా పలకదు.